పట్టుకుంటే పోయే సిగ్నల్

దూరదర్శన్ రోజులు గుర్తున్నవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. మిద్దె మీద ఒకరు అల్యూమినియం కడ్డీల ఏరియల్ తిప్పుతుంటారు. కిందనుంచి ఇంకొకరు "వచ్చె, వచ్చె, ఆపు!" అని కేక పెడతారు. పైనున్నాయన చెయ్యి తీస్తాడు, బొమ్మ మళ్లీ చెదిరిపోతుంది. ఏరియల్‌ను పట్టుకున్నంతసేపూ ఆ మనిషి కూడా ఏరియల్‌లో భాగమేనని అప్పట్లో ఎవరికి తట్టింది?

ఇప్పుడు ఏరియల్ మన అరచేతిలోకే వచ్చేసింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోనైనా, జమ్మలమడుగు సందుల్లోనైనా, పులివెందుల చీనీ తోటల్లోనైనా మాట తెగితే వినబడేది ఒకటే: "వినబడడంల్యా మామా, మిద్దెక్కి చేస్తా." మిద్దె ఎక్కడం తెలివైన పనే. మందపాటి రాతిగోడలు దాటి లోపలికొచ్చేసరికి రేడియో తరంగం బాగా నీరసించిపోతుంది. గండికోట దగ్గర పెన్న ఒడ్డుకు దిగితే, రెండువైపులా నిలువుగా లేచిన బండలే తరంగానికి అడ్డం. కానీ మిద్దె ఎక్కినా, లోయ దాటినా చెయ్యి మనతోనే వస్తుంది. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య చివరి గోడ అదే.

ఆ గోడ సంగతి తెలియాలంటే యాంటెన్నా పని తెలియాలి. గాలిలో వచ్చే తరంగాన్ని విద్యుత్తుగా, లోపలి విద్యుత్తును తరంగంగా మార్చడమే దాని పని. ఇందుకు దాని పొడవు తరంగదైర్ఘ్యంలో సగమో పావో ఉంటే బాగా పలుకుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, అందులో పావు 8 సెంటీమీటర్ల పైచిలుకు. 1800 మెగాహెర్ట్జ్‌కు 4 సెంటీమీటర్లు చాలు. 700 మెగాహెర్ట్జ్‌కైతే దాదాపు 11 కావాలి. వీణ తీగను బిగించినట్టే యాంటెన్నానూ ఒక్కో శ్రుతికి సరిచేస్తారు.

మన చెయ్యి చాలావరకు ఉప్పునీళ్ల సంచి. అది యాంటెన్నాను ఆనుకుంటే రెండు నష్టాలు. తరంగశక్తిలో కొంత కండలోనే ఇంకి వేడిగా మారిపోతుంది. రెండోది, మోగే తీగ మీద వేలు పెట్టినట్టు శ్రుతి తప్పుతుంది. 900 దగ్గర పలకాల్సిన యాంటెన్నా ఇంకా కింది శ్రుతికి జారుతుంది. ఈ నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్స్ పోతే బలం సగమవుతుంది, 10 పోతే పదో వంతు, 20 పోతే నూరో వంతు మిగులుతుంది.

మొదటి సెల్‌ఫోన్‌కు ఈ బాధ తక్కువ. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ మాట్లాడిన కిలో పైచిలుకు ఫోన్‌కు యాంటెన్నా పైకి పొడుచుకొచ్చి ఉండేది. పిడికిలి కింద, కడ్డీ పైన. 1995 జులై 31న కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో మొబైల్‌కు శ్రీకారం చుట్టిన కాలంలోనూ ఫోన్లకు కొమ్ము ఉండేది. 1998లో నోకియా 8810, మరుసటి ఏడు 3210 వచ్చి ఆ కొమ్మును లోపల దాచేశాయి. చూడ్డానికి అందం పెరిగింది. ఫోన్‌తో ఇచ్చే పుస్తకంలో మాత్రం, మాట్లాడేటప్పుడు యాంటెన్నా ఉన్నచోట అనవసరంగా ముట్టుకోవద్దని నోకియా వాళ్లే రాసేవారు.

తర్వాత తల విషయం వచ్చింది. ఫోన్ తరంగాల నుంచి శరీరం ఎంత శక్తి పీల్చుకోవచ్చో దేశాలు ఒక్కొక్కటిగా హద్దు పెట్టాయి. మన దేశంలో ఇప్పటి హద్దు కిలో కండకు 1.6 వాట్లు, అది 2012 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. యాంటెన్నా తలకు దూరంగా ఉంటే ఇలాంటి హద్దుల్లో ఇమడటం సులువు. అందుకే అది ఫోన్ అడుగుకు దిగింది. 2004 నాటి మోటరోలా రేజర్‌కు గడ్డం లాంటి ఉబ్బు ఉండేది కదా, యాంటెన్నా అందులోనే. తల బాధ తప్పింది, అరచేతి బాధ మొదలైంది. మనం ఫోన్ పట్టుకునేది అడుగుభాగంలోనే మరి.

ఈ కథలో పెద్ద రచ్చ 2010 జూన్ 24న మార్కెట్లోకొచ్చిన ఐఫోన్ 4ది. దాని చుట్టూ ఉన్న ఉక్కు పట్టీనే యాంటెన్నాగా మలిచారు. ఎడమవైపు కింద సన్నటి చీలిక పట్టీలోని రెండు ముక్కలను విడదీసేది. ఎడమచేత్తో పట్టుకుంటే చెమట తడి ఉన్న అరచెయ్యి సరిగ్గా ఆ చీలికకే వంతెన వేసేది. ఆనంద్‌టెక్ వెబ్‌సైట్ కొలిచి చూస్తే, గట్టిగా కప్పి పట్టుకున్నప్పుడు సుమారు 24 డెసిబెల్స్ పోయాయి. అంటే బలం రెండువందల యాభయ్యో వంతుకు పడిపోయింది. సిగ్నల్ గీతలు లెక్కించే సూత్రమే తప్పని, ఉన్నదానికన్నా ఎక్కువ గీతలు చూపించామని ఆపిల్ ఒప్పుకుంది. జులై 16న ఆ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ విలేకరుల ముందుకొచ్చి, కొన్నవాళ్లకు ఉచితంగా తొడుగు ఇస్తామన్నాడు. చర్మం లోహాన్ని తాకకుండా ఆ రబ్బరు తొడుగు అడ్డుపడుతుంది. మరుసటి ఏడు వచ్చిన 4ఎస్‌లో రెండు యాంటెన్నాలు పెట్టి, ఒకదాన్ని చెయ్యి మూస్తే రెండోదానికి మారే ఏర్పాటు చేశారు.

ఫోన్ ఒంటికి లోహం వచ్చే మార్పు మన రాష్ట్రంలోనూ కనిపించింది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైంది. దాని వీపు ప్లాస్టిక్, తరంగాలు సులువుగా దాటిపోయేవి. మరుసటి ఏడు అదే సంస్థ అమ్మిన రెడ్‌మీ నోట్ 3 వీపు తరంగాలను అడ్డుకునే లోహం. అందుకే పైనా కిందా ప్లాస్టిక్ ముక్కలు వదిలారు. అవి సోకు కోసం కాదు, యాంటెన్నాలకు తెరిచిన కిటికీలు.

ఇవాళ్టి ఫోన్లో పలు యాంటెన్నాలుంటాయి. చెయ్యి వల్ల తప్పిన శ్రుతిని తిరిగి సరిచేసే చిప్పులూ ఉన్నాయి. అయినా ఫోన్‌ను అడ్డంగా తిప్పి ఆట ఆడితే రెండు అరచేతులూ రెండు కొనలనూ మూసేస్తాయి. మారడానికి ఖాళీ యాంటెన్నా దొరక్క ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుంది. 4జీలో అది మామూలుగా 0.2 వాట్ల దాకా బలం పెంచుతుంది. బ్యాటరీ తరగడానికి అదీ ఒక కారణమే.

ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలు దీన్ని సులువుగా పరీక్షించవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని 'సిమ్ స్టేటస్' సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపుతుంది. మైనస్ 80 కంటే మైనస్ 110 చాలా బలహీనం. ఫోన్‌ను బల్ల మీద పెట్టి అంకె రాసుకోండి. ఉప్పునీళ్లు నింపిన రబ్బరు గ్లౌజును ఫోన్ అడుగుభాగానికి ఆనించి మళ్లీ రాయండి. ఒకేచోట మూడు నాలుగుసార్లు చేసి సగటు తీయండి, ఎందుకంటే టవర్ నుంచి వచ్చే సిగ్నల్ బలం క్షణక్షణానికీ మారుతుంది.

మిగతావాళ్లకు ఒకే మాట. ఈసారి మాట తెగితే మిద్దె మెట్లెక్కే ముందు ఫోన్ అడుగున ఉన్న వేళ్లు సడలించి చూడండి, లేదా స్పీకర్ పెట్టి ఫోన్‌ను బల్ల మీద ఉంచండి. మెట్లెక్కే పని కొన్నిసార్లయినా తప్పుతుంది.