పేరు కనబడవలెను, చిరునామా దాగవలెను

నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అడవుల చెంత లింగాల అను గ్రామము కలదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది మహబూబ్‌నగరు జిల్లాలో చేరియుండెను. ఈ పాలమూరు సీమ ప్రజలు పనులకై దూరప్రాంతములకు పోవుట తరతరములుగా నున్నదే. ఇట్టి యూరి బడిలో కలిసి చదివినవారు ముప్పదిమంది, పాతికేండ్ల పిమ్మట ఒకచోట చేరదలచిరని అనుకొనుడు. ఒకరు హైదరాబాదులో నుందురు, ఒకరు ముంబయిలో నుందురు, మరియొకరు సముద్రమున కావల నుందురు. వారందరికి ఒకే పిలుపును ఈ-మెయిలు ద్వారా పంపవలసియున్నది.

పిలుపు నందుకొన్న ప్రతివాడును మొదట అడుగు ప్రశ్న “ఎవరెవరు వచ్చుచున్నారు?” అనునదే. పేర్లు లేని పిలుపునకు కళ యుండదు. కాని ఆ ముప్పదిమందిలో ఒక యామె తన మెయిలు చిరునామా అందొకనికి తెలియరాదని కోరుచున్నది. అతడు వ్రాయు పిచ్చి ఉత్తరములు భరింపలేకయే ఆమె పాత చిరునామాను విడిచి క్రొత్తది తీసికొన్నది. పట్టికలో పేరుండుట ఆమెకు సమ్మతమే; చిరునామా మాత్రము బయటపడరాదు. ఈ రెంటిని పొసగించుట యెట్లు?

మన పెద్దల పెండ్లిపిలుపులలో ఈ చిక్కు లేకుండెను. శుభలేఖలో ఆహ్వానించువారి పేర్లు, బంధువుల పేర్లు వరుసగా అచ్చువేయుదురు. చిరునామా వ్రాయుట కవరుమీదనే. లోపలి పత్రిక అందరికి నొక్కటే. కవరు మాత్రము ఎవరిది వారిదే. ఒకరి కవరును మరియొకరు చూడరు. తపాలాబంట్రోతునకు కవరు చాలును, లోపల నేమున్నదో అతనికి పనిలేదు.

ఈ-మెయిలు కూడ సరిగా ఇట్లే నడచును. ఈ సంగతి దానిని నిత్యము వాడువారిలోనే చాలమంది యెరుగరు. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు పేరునకును యంత్రమునకును నడుమ ‘@’ గుర్తునుంచి, ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు సందేశమును పంపెను. 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన నియమావళి, మెయిలును సర్వరునుండి సర్వరునకు అందించు పద్ధతిని నిర్ణయించినది. దాని ప్రకారము పంపు యంత్రము మొదట ‘ఈ ఉత్తరము ఫలానా చిరునామాలకు’ అని విడివిడిగా చెప్పును. ఇదియే కవరు. ఆ పిమ్మట ఉత్తరమును అప్పగించును. ఉత్తరము పైభాగమున ‘టు’, ‘సీసీ’ అను వరుసలలో కనబడునది చదువరి చూచుకొనుటకే గాని సర్వరు బట్వాడా చేయుటకు గాదు. కవరుమీద నున్న చిరునామా ఉత్తరములో లేకపోయినను మెయిలు చేరును.

‘సీసీ’ యనగా కార్బను కాపీ. కార్బను కాగితమునకు 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు పొందెను. టైపు మిషనులున్న కాలమున కచేరీలలో నకళ్లన్నియు దానితోనే తీసెడివారు. నకలు మరియొకరికి పోవుచున్నదని అసలు ఉత్తరము నందుకొనువానికి తెలియరానప్పుడు, టైపిస్టు పై కాగితమును తీసివేసి క్రింది నకలుమీద మాత్రమే ఆ పేరు కొట్టెడివాడు. అదియే ‘బ్లైండ్ కార్బను కాపీ’; నేటి ‘బీసీసీ’. ఈ గడిలో వ్రాసిన చిరునామాలు కవరుమీదికి పోవును. ఉత్తరములోని ఆ వరుసను మాత్రము పంపుటకు ముందే తీసివేయుదురు.

ఇచ్చట నొక మోసము కలదు. ఫోనులో మెయిలు తెరచినప్పుడు తరచుగా పేర్లే కనబడును. దానిని చూచి చిరునామాలు దాగియున్నవని కొందరు నమ్ముదురు. అది తప్పు. మెయిలులో పేరును, దానివెంట కోణపు బ్రాకెట్లలో చిరునామాయు కలిసియే పోవును. తెర వెడల్పు చాలకనో, అందముకొరకో ఫోను పేరును మాత్రము చూపును. వ్రేలితో పేరును తాకిన చిరునామా బయటపడును. గడపకు తెర కట్టిన మాత్రమున తలుపు వేసినట్లు కాదు గదా!

ఈ పొరపాటు ఎంతవరకు పోవునో 2021 సెప్టెంబరులో లోకము చూచినది. ఆఫ్ఘనిస్తానము తాలిబానుల వశమైన పిమ్మట, దేశము విడువగోరు ఆఫ్ఘనులకు బ్రిటిషు రక్షణశాఖ మెయిలు పంపెను. చిరునామాలను ‘బీసీసీ’లో గాక ‘టు’ గడిలో నుంచిరి. ఆ మెయిలులో 245 మంది వివరములు ఒకరివి మరియొకరికి తెలిసినవి. 55 మంది ఫొటోలు సైతము కనబడెను. ఇద్దరు తొందరలో అందరికిని జాబు పంపిరి; అందొకరు తామున్న చోటును వ్రాసివేసిరి. ఆ పట్టిక శత్రువుల చేబడినచో ప్రాణములకే ముప్పు. 2023 డిసెంబరులో ఆ దేశపు సమాచార కమిషనరు కార్యాలయము రక్షణశాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా విధించెను. తప్పు చేసినవారు దుష్టులు కారు. గడి మార్చి వ్రాసిరి, అంతే. మన దేశమునను వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కేయని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పుచెప్పినది.

చిరునామాలన్నియు ‘బీసీసీ’లో నుంచిన, పేర్లు కూడ వానితోనే మాయమగును. మెయిలు నియమములలో దీనికొక యుక్తి లేకపోలేదు. ఒక గుంపు పేరు వ్రాసి, కోలను పెట్టి, లోపల నేమియు వ్రాయక సెమికోలనుతో ముగింపవచ్చును. అప్పుడు ‘టు’ వరుసలో ‘లింగాల బడి మిత్రులు’ అని గుంపు పేరు మాత్రము కనబడును. కాని నేటి మెయిలు కార్యక్రమములు పెక్కు ఇట్లు వ్రాయనీయవు.

మెయిల్ మెర్జ్ అను పద్ధతి మరియొకటి. కంప్యూటరు పట్టికనుండి ఒక్కొక్క పేరును తీసి, ముప్పది ఉత్తరములను వేరువేరుగా పంపును. పెండ్లి కవరులకు ఇది దగ్గర.

అన్నిటికంటె తేలికయైనది శుభలేఖ పద్ధతియే. పంపువాడు ‘టు’ గడిలో తన చిరునామానే వ్రాసికొనును. తక్కినవారి చిరునామాలన్నియు ‘బీసీసీ’లో నుంచును. ఉత్తరము ప్రారంభమున “ఈ పిలుపు అందుకొనుచున్నవారు” అని, ఒప్పుకొన్నవారి పేర్లను వరుసగా వ్రాయును. చదివినవారిలో నెవరైన పొరపాటున అందరికి జాబునొక్కినను అది పంపినవానికే చేరును గాని ముప్పదిమందికి పోదు.

పంపుటకు ముందు ఆ ఉత్తరమును తన రెండవ చిరునామాకో, ఇంటిలోని వారికో ‘బీసీసీ’లో పంపి చూచుకొనుట మంచిది. అచ్చట తెరచి, పైనున్న ప్రతి పేరును వ్రేలితో తాకి చూడవలెను. పంపువాని చిరునామా తప్ప వేరొకటి కనబడకున్నచో, ముప్పదిమందికిని పంపవచ్చును.