వైద్యం ఉచితమే... మరి బస్సు చార్జీ?

మా మొహల్లాలో ఒక దర్జీ ఉన్నాడు. రెండేళ్ల క్రితం అతని మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయని డాక్టర్లు తేల్చారు. ఆరోగ్యశ్రీ ఉంది కనుక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో డయాలసిస్‌కు పైసా అడగలేదు. వారానికి మూడు రోజులు, వెళ్లినప్పుడల్లా సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. ‘అల్లాహ్ దయ, వైద్యం ఉచితంగా దొరికింది’ అని అందరమూ అనుకున్నాం. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం.

ఒక రాత్రి రెండు గంటలకు అతని భార్య మా తలుపు తట్టింది. “మౌల్వీ సాబ్, ఆయనకు ఊపిరి ఆడటం లేదు” అంది. 108కు ఫోను చేశాం. బండి వచ్చింది, ప్రాణం దక్కింది. మర్నాడు డాక్టరు మందలించాక గాని అసలు సంగతి బయటపడలేదు. మూడు నెలలుగా అతను వారానికి రెండుసార్లే వెళుతున్నాడట.

“ఎందుకు భాయ్ ఇట్లా చేశావు?” అని అడిగాను.

“ఒక్కసారి పోయి రావడానికి రెండు వందలు మౌల్వీ సాబ్. బస్సు ఒకటి, బస్టాండు నుంచి ఆటో ఒకటి. మిషను తొక్కే ఓపిక లేదు, సంపాదన లేదు. పిల్లల ఫీజు కట్టమంటారా, ఆటోకు ఇమ్మంటారా?”

లెక్క వేసి చూడండి. వారానికి ఆరు వందలు, నెలకు రెండున్నర వేలు. లక్షల విలువైన వైద్యం ఉచితంగా అందుతున్న మనిషి రెండు వందల రూపాయలు లేక చావు అంచుకు వెళ్లి వచ్చాడు.

ఇంతకన్నా బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. తెలంగాణలో డయాలసిస్ రోగులకు ఆర్టీసీ ఉచిత బస్‌పాస్ సదుపాయం ఉంది. ఆసరా పింఛనులో కూడా వారికి చోటు కల్పించారు. రెండేళ్లలో ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో సూదులు గుచ్చేవారు చెప్పలేదు, కార్డు చూసి ముద్ర వేసేవారు చెప్పలేదు. పక్కింట్లో ఉన్న నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ తెలియదు. అతని భార్యకు 2023 డిసెంబరు 9 నుంచి బస్సు ఉచితమే. తోడు వెళ్లే మనిషికి టికెట్టు లేదు, రోగికి టికెట్టు!

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి పది లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో దారి చూపడానికి ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కూడా ఉంటారు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, ఏ కాగితం కావాలి అన్నది వారే చెబుతారు. అయితే వారి పని ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు బయట రోగి ఏం తింటున్నాడు, ఎట్లా వస్తున్నాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదా లేదా అన్నది ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. పింఛను ఒక ఆఫీసు, బస్‌పాస్ ఒక కౌంటరు, రేషను కార్డు మరో కిటికీ. ఒక కిటికీలో కూర్చున్న వారికి పక్క కిటికీ సంగతి తెలియదు. జబ్బు మనిషి ఎన్ని కిటికీలు తిరగగలడు?

ఈ గొడవ మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 1960లలో జాక్ గీగర్ అనే డాక్టరు పేద నల్లజాతి రైతుకూలీల కోసం ఆరోగ్య కేంద్రం నడిపాడు. పోషణ లేక జబ్బుపడిన పిల్లలకు ఆయన మందుల చీటీ మీద ఆహారం పేరు రాసి ఇచ్చేవాడు. దుకాణదారు సరుకులిచ్చి బిల్లు ఆరోగ్య కేంద్రానికి పంపేవాడు. పైఅధికారులు అభ్యంతరం చెబితే, ఆకలి జబ్బుకు అన్నమే మందు గదా అని ఆయన వాదించాడు. అదే దేశంలో నార్త్ కరోలినా రాష్ట్రం 2022 మార్చిలో, పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ డబ్బుతోనే కొన్ని ప్రాంతాల్లో రోగులకు ఆహారం, ఇంటి మరమ్మతు, ప్రయాణ సాయం అందించడం మొదలుపెట్టింది. 2025 జూలైలో నిధులు ఆగిపోయి ఆ సేవలు నిలిచిపోయాయి. అంత సంపన్న దేశంలోనూ పేదవాడి ఆటో చార్జీకి వచ్చేసరికి చేయి వెనక్కి పోతుంది కాబోలు.

మన దగ్గర ఏమేం ఉన్నాయో నాకు తెలిసినంత వరకు చెబుతాను. క్షయ రోగికి మందులు ఉచితం, ఆ సంగతి అందరికీ తెలుసు. దానితోపాటు పోషణ కోసం నెలకు 500 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పథకం 2018 ఏప్రిల్‌లో మొదలైంది. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు వెళ్లే తల్లికి 2011 నుంచి మందులు, భోజనం, రక్తంతోపాటు రాకపోకల బండి కూడా ఉచితమే. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగుల పింఛను పది వేలు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, అర్హత ఉన్నవారి హక్కులు.

దర్జీ విషయంలో అడ్డుపడింది ఏమిటో తెలుసా? పేరు! ఆధార్‌లో ‘మహమ్మద్’ అని పూర్తిగా ఉంది, రేషను కార్డులో ‘ఎండి’ అని ఉంది. ఒక ఆఫీసులో గుమాస్తా కాగితాలు తిరగేసి, “ఇద్దరు మనుషుల్లా ఉన్నారే” అన్నాడు. మన ఇళ్లలో ఇది కొత్త కాదు. ఒకే అమ్మాయి బడిలో బేగం, రేషను కార్డులో బీ, బ్యాంకులో ఉన్నీసా. ఉర్దూలో ఒకటే పేరు తెలుగులో నాలుగు రకాలు, ఇంగ్లీషులో ఆరు రకాలు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఇంటిల్లిపాది కాగితాలు ముందు పెట్టుకుని పేర్లు సరిచూసుకోవాలి. జబ్బు వచ్చాక మీసేవ చుట్టూ తిరగడం కష్టం.

ఇక మన ఇయాదత్ సంగతి. రోగిని పరామర్శించడం మన మీద ఉన్న బాధ్యత అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. నేను మదర్సాలో పిల్లలకు నేర్పుతున్నాను కూడా. అయితే వెళ్లి ఏం చేస్తాం? యాపిళ్లు ఇస్తాం, దుఆ చేస్తాం, ఫలానా హకీం మందు మంచిదని ఒక సలహా పారేసి వస్తాం. ‘ఆసుపత్రికి ఎట్లా పోతున్నావు? వంట ఎవరు చేస్తున్నారు? కార్డులో పేరు సరిగా ఉందా?’ అని అడిగినవారిని నేను చూడలేదు. కిందటి రమజాన్‌లో మా కమిటీ అతనికి జకాత్ సొమ్ము రెండు వేలు ఇచ్చింది. ఇచ్చినవారిలో నేనూ ఉన్నాను. ప్రభుత్వం నుంచి హక్కుగా రావలసినదాన్ని వదిలేసి ఆ సొమ్ము వాడితే, ఏ కార్డూ లేని మరో నిరుపేద వాటా తగ్గుతుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

హైదరాబాదులో ఈ పని చేస్తున్నవారు ఉన్నారు. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వారు ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో బల్ల వేసుకుని కూర్చుని దిక్కుతోచని రోగులకు దారి చూపిస్తున్నారు. దబీర్‌పురా వంతెన కింద 2012లో అన్నం పెట్టడం మొదలుపెట్టిన అజహర్ మక్సూసీ, తర్వాత గాంధీ ఆసుపత్రి దగ్గరా రోగుల బంధువుల ఆకలి తీర్చారు. చిన్న ఊళ్లకు అటువంటివారు రారు, మనమే కూర్చోవాలి.

మేము కూర్చున్నాం. జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక నోటుపుస్తకం, ఇద్దరు డిగ్రీ చదివే కుర్రాళ్లు. ఆడవారి విషయాలు చూడటానికి అంగన్‌వాడీలో పనిచేసే ఒక ఆపా ముందుకు వచ్చారు. ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి జబ్బు పేరూ మైకులో చెప్పకూడదు, పుస్తకం బయటకు పోకూడదు. క్షయ అని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడి మందులు మానేసిన ఇళ్లు నాకు తెలుసు. మొదటి వారం ఒక్కరే వచ్చారు, అదీ పెన్ను అడగడానికి! ఇప్పుడు నలుగురైదుగురు వస్తున్నారు. సగం మందికి కావలసింది డబ్బు కాదు, ఫారం నింపి తోడు వచ్చే మనిషి.

దర్జీకి పేరు సరిచేయించడానికి ఐదు వారాలు పట్టింది. బస్‌పాస్ వచ్చింది, వారానికి మూడుసార్లూ వెళుతున్నాడు. పింఛను దరఖాస్తు ఇంకా కదలలేదు, నెలకోసారి వెళ్లి అడిగి వస్తున్నాం. డయాలసిస్ లేని శుక్రవారాల్లో అతను కూడా వరండాలో మా పక్కన కూర్చుంటాడు. ఏ కౌంటరు ఎన్ని గంటలకు మూస్తారో మాకన్నా అతనికే బాగా తెలుసు. పోయిన వారం టీబీ మందులు వాడుతున్న ఒక అమ్మాయి వివరాలు రాసుకున్నాం. ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. సోమవారం ఆపా ఆమెను బ్యాంకుకు తీసుకువెళుతున్నారు.