కళాశాల ప్రవేశములు – మెట్టసీమ బిడ్డలు

మామిడికోతలు ముగిసి తొలకరికి దుక్కులు సిద్ధమగు దినములలో మన మెట్టప్రాంతమున మఱియొక వ్యవసాయము సాగుచుండును. విజయవాడనుండి మైలవరము మీదుగా తిరువూరు పోవు రహదారిపై జి.కొండూరు బస్సు ఆగుచోట పదినిమిషములు నిలిచినచో దాని సంగతి చెవిని బడును. వానలను గూర్చియు, పత్తివిత్తనముల వెలను గూర్చియు మొదలైన సంభాషణ మూడవ మాటకే 'మీవాడికి ర్యాంకెంత?' అను ప్రశ్నలోనికి దిగును. అచ్చట ఒక రైతుగారు మాతో నిట్లనిరి: "ఎకరం అమ్మి చేర్పించామండీ. నూటికి ముగ్గురికో నలుగురికో వస్తుందంట సీటు. ఆ నలుగురిలో మావాడుంటే చాలు." వారి కుమారుడు వైద్యప్రవేశపరీక్షను రెండవమారు వ్రాసి ఫలితమునకై ఎదురుచూచుచుండెను. నూటికి నలుగురను లెక్క ఎచ్చటిదని మేమడుగగా, పిల్లవానికి పాఠము చెప్పించిన కాలేజీవారే చెప్పిరనియు, అంతకుమించి తనకు తెలియదనియు వారు సమాధాన మిచ్చిరి. ఎకరము పొలము విక్రయించుటకు ముందు సరిహద్దులను నాలుగుమార్లు కొలిపించు మనవారు ఈ లెక్కను ఒక్కమారైనను కొలిపింపకుండుట మాకు వింతగా తోచినది.

ఆ లెక్కనే ముందుగా విప్పి చూతము. 2025వ సంవత్సరమున నీట్ అను వైద్యప్రవేశపరీక్షకు సుమారు 22 లక్షల 9 వేలమంది హాజరైరి. దేశమంతట ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంత పైబడియున్నవి. అనగా ఇరువదిమందికి ఒకటి చొప్పున, నూటికి అయిదు. అయితే ఆ సీట్లలో రమారమి సగము ప్రైవేటు కళాశాలలవి. ఎకరమమ్మిన రైతు అచ్చటి ఫీజులకు తక్కిన పొలమును గూడ అమ్మవలసివచ్చును గనుక, ఆయన పాలిటికి అవి లేనట్లే. అప్పుడు నూటికి అయిదన్నది రెండు మూడునకు దిగును. ఇంజనీరింగు సంగతి యింకను విచిత్రము. అదే సంవత్సరమున ఐ.ఐ.టి.లలో 18,160 సీట్లుండగా జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్ష వ్రాసినవారు 1,80,422 మంది. పదుగురిలో ఒకనికి సీటు దొరకునని ప్రకటించిన అబద్ధము కాదు. కాని ఆ పరీక్ష వ్రాయుటకు అర్హత నిచ్చు మెయిన్ పరీక్షకు కూర్చున్నవారు 14 లక్షలకు పైగా నుండిరి. వారిని లెక్కలోనికి దీసికొన్నచో ఎనుబదిమందికి ఒక్కటి. సీట్లు అవియే, పిల్లలు వారే. హారమును మార్చినంతనే ఆశ ఎనిమిదిరెట్లు పెరుగుచున్నది, లేదా తరుగుచున్నది. ఎవరు ఏ హారమును జూపుదురో అది వారి వ్యాపారమునుబట్టి యుండును.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము 2024లో నూటికి సుమారు 3.6 వంతుమందినే చేర్చుకొన్నదని మన పట్టణములలో గొప్పగా చెప్పుకొందురు. అచ్చట ఒక్కొక్క విద్యార్థి ఒకే దరఖాస్తును పది పదునైదు కళాశాలలకు పంపుకొనవచ్చును, చేరునది ఒక్కటియే. దరఖాస్తులు పెరిగినకొలది నూటికి ఇంతయను సంఖ్య తనంతట తానే చిన్నదగును. చిన్నదైనకొలది కళాశాలకు కీర్తి. కీర్తినిబట్టి మఱికొన్ని దరఖాస్తులు. ఎందఱిని కాదన్నదను దానినిబట్టి విద్యాలయమునకు గౌరవము కట్టుట అచ్చట పుట్టిన ఆచారమే. అది యిప్పుడు మన ఊళ్ళకును వచ్చినది.

పూర్వమిట్లు లేదు, కాని పూర్వము మేలుగా నుండెననియు మేము చెప్పము. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడిన తరువాత చాలకాలము తెలుగుదేశమున కళాశాల ద్వారమువద్ద పోటీయే లేదు. మెట్రిక్యులేషను పరీక్షయే జల్లెడ. దానిని గట్టెక్కినవాడు ఫీజు కట్టగలిగినచో బందరు నోబిలు కళాశాలలోనో, గుంటూరు క్రైస్తవకళాశాలలోనో చేరెడివాడు. ఊరికొక్కడు గట్టెక్కుటయే గగనము. ఆ చదువు పొట్టకూటి గుమాస్తాలను దప్ప మనుష్యులను తయారుచేయుట లేదను తలంపుతో కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము మన బెజవాడలోనే పుట్టి, కట్టమంచి రామలింగారెడ్డిగారి ఉపాధ్యక్షతను నాలుగేండ్లు ఇచ్చట నడచి, 1930లో వాల్తేరునకు తరలిపోయెను. ఆనాడు దానిని నిలుపుకొనలేకపోతిమిగదా యని యిప్పటికిని నిట్టూర్చు పెద్దలు విజయవాడలో నున్నారు.

సీట్లు కొన్ని, కోరువారు పెక్కండ్రు అను చిక్కు మొట్టమొదట వైద్యవిద్యయందును ఇంజనీరింగునందును తలయెత్తినది. మద్రాసు ప్రభుత్వమువారు దానికి కులమునుబట్టి వంతులు వేసిరి. ప్రతి పదునాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి ఒకటి, ముసల్మానులకు ఒకటి. రాజ్యాంగము వచ్చినంతనే దీనిపై వ్యాజ్యము నడచెను. 1951 ఏప్రిలులో చంపకం దొరైరాజన్ కేసున సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. (వైద్యకళాశాలలో సీటు నిరాకరింపబడునని వ్యాజ్యము వేసిన ఆమె అసలు దరఖాస్తే పెట్టియుండలేదని విచారణలో తేలుట ఒక చమత్కారము.) రెండునెలలలో పార్లమెంటు రాజ్యాంగమునకు మొదటి సవరణ గావించి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేకసదుపాయములు చేయు అధికారమును రాజ్యములకు దిరిగి యిచ్చెను. ఆ తరువాత 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి సీట్లలో నూటికి 85 స్థానికులకని నిర్ణయించెను. 1983లో రాష్ట్రశాసనసభ కాపిటేషను ఫీజును నిషేధించి, ప్రవేశపరీక్షకు చట్టబద్ధత కల్పించెను. దానినుండియే ఎంసెట్టు. అది 2021నుండి ఈఏపీసెట్టను పేర నడచుచున్నది. వైద్యమునకుమాత్రము 2017నుండి నీట్.

ఇన్ని చట్టములును ద్వారమువద్ద ఎవరిని లోనికి విడువవలెనను దానినే చూచినవి. ద్వారమువఱకు ఎవరు నడచి రాగలరనుట యే చట్టమును చూడలేదు. నాగార్జునసాగరు ఎడమకాలువ నందిగామ, జగ్గయ్యపేట, మైలవరముల చివరి ఆయకట్టు రైతులకు ఈ మాట విప్పిచెప్ప నక్కఱలేదు. తలతూమువద్ద వదలిన నీటి లెక్క కాగితముమీద సరిగనే యుండును. చివరి తూమువద్ద మిరపతోట ఎండుచునే యుండును. చదువు కాలువయు అట్టిదే. 1986లో విజయవాడలో శ్రీచైతన్య మొదలైన నాటినుండి ఆ పట్టణము ప్రవేశపరీక్షల శిక్షణకు దక్షిణదేశమునకెల్ల పేరువడినది. పరీక్ష అందఱికిని ఒక్కటే, ప్రశ్నపత్రము ఒక్కటే. కాని యొకడు ఆఱవతరగతినుండియే ఆ పత్రమునకు తరిఫీదగుచుండ, మఱియొకడు వెల్లటూరునుండియో వెలగలేరునుండియో జిల్లాపరిషత్తు పాఠశాలకు సైకిలుపై పోయివచ్చి, పదవతరగతి దాటినపిదపగాని నీట్ అను పేరే వినడు. ఆ పరీక్షను తెలుగున వ్రాయుటకు వీలున్నది. వ్రాయువారు మిక్కిలి కొద్ది. ఏలయన తెలుగున దానికి తరిఫీదిచ్చు చోటు లేదు.

ఇది సమర్థతకు పరీక్షయని చెప్పువారిని మేమొక సంగతి యడుగగోరుదుము. 2023లో మన రాష్ట్రమున మచిలీపట్నము, ఏలూరు, రాజమహేంద్రవరము, విజయనగరము, నంద్యాలలలో అయిదు ప్రభుత్వ వైద్యకళాశాలలు 150 సీట్ల చొప్పున తెఱచిరి. బందరునకు వైద్యకళాశాల వచ్చెనని జిల్లాయంతయు సంతసించినది. అఖిలభారతకోటా 15 వంతులు పోగా మిగిలిన సీట్లలో సగమునే సాధారణ ఫీజునకిచ్చి, నూటికి 35 సీట్లను ఏటికి 12 లక్షలకును, 15 సీట్లను ప్రవాసులపేర 20 లక్షలకును కేటాయించుచు ఉత్తర్వులు వెలువడినవి. ప్రభుత్వ కళాశాల, ప్రజల భూమి, సగము సీట్లకు వెల! ఇక అర్హతయందురా, 2023 సెప్టెంబరులో పోస్టుగ్రాడ్యుయేటు వైద్యసీట్లు మిగిలిపోవుచున్నవని అర్హతాంకమును సున్నా పర్సంటైలునకు దింపిరి. పరీక్షకు కూర్చున్న ప్రతివాడును అర్హుడే యన్నమాట. పేదవానియెడ ఒక్క మార్కునకు తలుపు మూయు జల్లెడ, డబ్బు చూడగనే కన్నులు పెద్దవి చేసికొనుచున్నది. 2024 నీట్‌లో 67 మందికి 720కి 720 మార్కులు రాగా దేశమంతయు నివ్వెఱపోయినది, పత్రము బయటపడిన ఉదంతముపై సుప్రీంకోర్టుదాక వ్యవహారము పోయినది, పరీక్ష రద్దుకాలేదు. ఒక్క మార్కుకొరకు నిద్రమానిన పిల్లలకు ఆ వేసవి యెట్లు గడచెనో ఊహింపవచ్చును.

ఈ పోటీలో ప్రాణములే పోవుచున్నవి. జాతీయ నేరగణాంకముల ప్రకారము 2022లో దేశమున 13 వేలకు మించిన విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అందఱును పరీక్షలవలననే చనిపోయిరని మేమనము. కాని ఇంటర్మీడియేటు ఫలితములు వచ్చిన వారమున తెలుగుపత్రికలు తెఱచువారికి వేఱుగా చెప్పవలసినది లేదు. విశాఖపట్నమున నీట్‌కు చదువుచు 2023లో మరణించిన బాలిక తండ్రి వేసిన వ్యాజ్యమున 2025 జులైలో సుప్రీంకోర్టు పదునైదు ఆదేశము లిచ్చినది. మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు బాచిలుగా విభజింపరాదనుట వానిలో నొకటి. ఈ యాదేశము అమలునందున్నదో లేదో తెలిసికొనుటకు ఉన్నతాధికారులు రానక్కఱలేదు. నెలకొకమారు హాస్టలునకు పోవు తండ్రి, 'మావాడిది ఏ సెక్షను?' అని అడుగుట మాని, 'సెక్షను లెందుకు చేసితిరి?' అని యడిగిన చాలును. ఆ మాట అడుగువారిని మేమింతవఱకు చూడలేదు.

జల్లెడను మఱియొకచోట పట్టవచ్చునని నిరూపించిన ఉదాహరణము మన పొలిమేరలోనే యున్నది. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ మేర్పడి, దాని శాఖ యొకటి నూజివీడున వెలసినది. 2022లో జిల్లాలు విడిపోయినపుడు జి.కొండూరు ఎన్.టి.ఆర్. జిల్లాకును నూజివీడు ఏలూరు జిల్లాకును పోయినవిగాని, బస్సున పూటలోపల చేరదగిన దూరమే. పల్లెటూరి బిడ్డలకై పెట్టిన ఈ విద్యాలయమున ప్రవేశము పదవతరగతి ఫలితమునుబట్టియే. కోచింగుతో పని లేదు. అంతకంటె ముఖ్యమైనది వారు పెట్టిన చిన్న నియమము. హాస్టలువసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు, వారు పడిన లోపమునకు బదులుగా 0.4 గ్రేడుపాయింటు కలుపుదురు. ప్రైవేటుబడి పిల్లవానికి పదికి పది వచ్చినను, జిల్లాపరిషత్తు బడిలో 9.7 తెచ్చుకొన్న కూలివాని కూతురు 10.1తో ముందు నిలిచినది. మార్కుల పద్ధతి మరల వచ్చినపిమ్మట అదియే నూటికి నాలుగు వంతులైనది. తమిళనాడున 2020లో వైద్యసీట్లలో నూటికి ఏడున్నర ప్రభుత్వపాఠశాలల విద్యార్థులకని చట్టము చేయగా, అంతకుముందు వ్రేళ్ళపై లెక్కింపదగియున్న ఆ పిల్లల సంఖ్య మొదటియేటనే వందలలోనికి వచ్చెను.

నూజివీడును పొగడుటలో మేము కన్నులు మూసికొనలేదు. పదునైదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచిన పిల్లలు అచ్చట ఆఱేండ్లు గడపవలెను. పల్లెబడినుండి వచ్చి ఇంగ్లీషుపాఠములు విని తబ్బిబ్బగువారు గలరు. నాలుగుశాఖలలోను కలిపి ఏటికి నాలుగువేల చిల్లర సీట్లు రాష్ట్రమున కేమూలకు? కాని ఆ నియమమున్నంతవఱకు ఊరిబడి మార్కునకు ఒక విలువ యున్నది. ఒకప్పుడు మోతుబరి బిడ్డయు పాలేరు బిడ్డయు ఆ బల్లలమీదనే కూర్చుండిరి. అయ్యవారు రాకున్నచో మోతుబరి కేకవేసెడివాడు. ఈనాడు కేకవేయగలవారి బిడ్డలు పసుపుపచ్చ బస్సులలో వెడలిపోవుచున్నారు. 2009 విద్యాహక్కు చట్టము క్రింద ప్రతి ప్రభుత్వబడికి యాజమాన్యకమిటీ యున్నది. ఆ బడిలో బిడ్డలున్నవారే దానిలో అధికసంఖ్యాక సభ్యులుగనుక, పొద్దున కూలికి పోవు తల్లులే సంతకములు చేయుచున్నారు. లెక్కల అయ్యవారి ఖాళీని ఆరునెలలలో నింపించుటకు వారి మాట చాలునా? ఇంజనీరింగు కళాశాలలలో ఏటేటా వేలకొలది సీట్లు ఖాళీగా మిగులుచుండ, ఆ పక్కనే వైద్యసీటుకు ఎకరములు కరగుచుండుట చూచినచో, డబ్బు చాలక కాదు, అది పోవలసినచోటికి పోవుట లేదని తెల్లమగుచున్నది.

బస్సు వచ్చువేళకు ఆ రైతుగారిని మేమొక ప్రశ్న వేసితిమి: తమకు తక్కిన సంతానమెవరని. ఒక కూతురున్నదనియు, ఊరిబడిలోనే పదవతరగతికి వచ్చినదనియు, బాగుగనే చదువుననియు చెప్పిరి. నూజివీడు సంగతియు, ఆ నాలుగు వంతుల సంగతియు చెప్పితిమి. వారెన్నడును వినలేదట. "ఎవరూ చెప్పలేదండీ" అని, మా చేతిలోని పత్రిక అంచుపై ఆ పేరు వ్రాయించుకొని, చింపి జేబులో పెట్టుకొని బస్సెక్కిరి.