ఎగరని బంతి నేర్పే ఆట

మీలో చాలామంది టెన్నిస్ కోర్టులో అడుగుపెట్టి ఉండకపోవచ్చు. కాని టెన్నిస్ బంతితో వీధిలో క్రికెట్ ఆడనివారు ఎందరుంటారు? కొత్త బంతి ఎంత ఎత్తుకు లేస్తుందో, కొన్నాళ్ళకు అదే బంతి ఎలా చచ్చుబడిపోతుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అలా తక్కువగా ఎగిరే బంతే టెన్నిస్ నేర్చుకునేవారికి మేలు చేస్తుందంటే నమ్ముతారా?

ఒక లెక్క చూడండి. పెద్దల పోటీల్లో వాడే పసుపుపచ్చ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి కాంక్రీటు నేలమీదికి జారవిడిస్తే, అది 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలని నియమం. పదేళ్ళ పిల్లల ఎత్తు కూడా ఇంచుమించు అంతే! తలదాకా లేచిన బంతిని రాకెట్టుతో సూటిగా కొట్టడం ఆరితేరినవారికే కష్టం. ఇక పదేళ్ళవాడి సంగతి చెప్పాలా? నాలుగు రోజులు గాలిలో రాకెట్టు ఊపి, 'ఈ ఆట నాకు రాదు' అని ఇంటిదారి పడతాడు. లోపం వాడిలో లేదు, బంతిలో ఉంది.

అందుకే నేర్పేవారు మరో మూడు రకాల బంతులు వాడతారు: ఎరుపు, నారింజ, ఆకుపచ్చ. అదే 254 సెంటీమీటర్లనుంచి విడిస్తే ఎర్ర బంతి 90 నుంచి 105 సెంటీమీటర్లే లేస్తుంది. అంటే పదేళ్ళవాడి భుజం దాటదు. నారింజ బంతి 120, ఆకుపచ్చ బంతి 135 మించవు. ఎర్ర బంతి మామూలు బంతికన్నా పెద్దది, పైగా తేలిక. కనుక గాలి దాన్ని ఎక్కువగా అడ్డుతుంది. అది నెమ్మదిగా వస్తుంది. కోర్టునూ కుదిస్తారు. పూర్తి కోర్టు పొడవు 23.77 మీటర్లయితే, ఎర్ర బంతికి సుమారు 11, నారింజకు సుమారు 18 మీటర్లు చాలు.

పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పెట్టిన నియమం 2012లో అమల్లోకి వచ్చింది. పెద్దయ్యాక నేర్చుకునేవారికీ ఈ బంతులే సులువు. అయితే ఎర్ర బంతి చేతికిస్తే చిన్నబుచ్చుకునే పెద్దలూ ఉంటారు, పాపం!

ఇంతకీ బంతి ఎగరడం ఎలా తగ్గుతుంది? మామూలు బంతి లోపల బయటికన్నా ఎక్కువ పీడనంతో గాలి ఉంటుంది. బంతి నేలను తాకి నొక్కుకున్నప్పుడు లోపలి గాలి కుంచించుకొని, తాను తీసుకున్న శక్తిని దాదాపు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తుంది. రబ్బరు అంత నిజాయితీ గలది కాదు. వంగినప్పుడల్లా కొంత శక్తిని వేడిగా మార్చేస్తుంది. పీడనం తక్కువైతే బంతి ఎక్కువగా నొక్కుకుంటుంది, రబ్బరు ఎక్కువగా వంగుతుంది, నష్టం పెరుగుతుంది. మీ క్రికెట్ బంతి చచ్చుబడడానికీ ముఖ్య కారణం ఇదే. లోపలి గాలి రబ్బరుగుండా మెల్లమెల్లగా బయటికి జారుకుంటుంది.

ఇప్పుడు ఒక ప్రయోగం. గోడమీద మీటరు ఎత్తున సుద్దతో గీత గీయండి. కొత్త బంతిని ఒకటి, పాతదాన్ని ఒకటి అక్కడినుంచి జారవిడవండి, విసరకూడదు సుమా! ఒక్కొక్కటి ఎంత లేచిందో స్నేహితుణ్ణి గుర్తుపెట్టమనండి. తర్వాత కొత్త బంతిని గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ విడిచి చూడండి. ఈసారి గుర్తు ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో మీరే ఆలోచించండి.