ఊరు ఊరంతా గడప దాటింది!

మీకు తెలుసా? పన్ను కట్టబోమని 1921లో చీరాల, పేరాల జనం ఏకంగా ఊరే వదిలేశారు! అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం ఆ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు ఎగబాకింది. పదింతలు! మగ్గం మీద బతికే ఇంట్లో గుండె గుభేలుమనదూ మరి?

ఊళ్లో ఉంటేనే పన్ను. పొలిమేర దాటితే మునిసిపాలిటీ మాట చెల్లదు. ఇంకేం! దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట 15 వేల జనాభాలో 13 వేలకు పైగా మూటాముల్లె సర్దుకుని బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరి పేరు రామనగర్. మునిసిపాలిటీ ఉంది, పన్ను కట్టే మనిషి లేడు!

ఎన్నాళ్లున్నారో మీకు తెలుసా? దాదాపు పదకొండు నెలలు! రోహిణి ఎండలూ పాకల్లోనే, వానలూ పాకల్లోనే. ఊరికి కాపలా, జనానికి సేవ, అన్నీ గోపాలకృష్ణయ్య పెట్టిన రామదండు వాలంటీర్లవే. ఈ దండు నాయకుడు ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చినవాడు! నన్నడిగితే, ఈ కథ ప్రతి తెలుగు పిల్లకీ, పిల్లాడికీ కంఠస్థం కావాలి.

పక్కనే పెదనందిపాడు. అక్కడి రైతులు శిస్తు కట్టడం ఆపేశారు. వసూలు చేయాల్సిన గ్రామోద్యోగులే రాజీనామాలు ఇచ్చేశారు! ముందు నిలిచింది పర్వతనేని వీరయ్య చౌదరి. ఆంధ్ర శివాజీ అని ఆయన్ని ఊరికే అన్నారా?

లైబ్రరీ మీ ఇంటి ముందుకు పడవలో వస్తే? వచ్చింది! 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. రేవులో బిందె ముంచేవాళ్లకు పుస్తకం కూడా దొరికింది!

వేటపాలెం కుర్రాళ్లు 1918లో ఏం చేశారో మీకు తెలుసా? సంఘం పెట్టి సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మొదలెట్టారు. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది సాక్షాత్తు గాంధీజీ! ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడే భద్రంగా దాచారు. పాత పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ ఈ చిన్న ఊరికే వస్తారు!

గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదా నికేతనం పెట్టింది 1922లో. భర్త జైల్లో 'మాలపల్లి' నవల రాసిన రోజులవి. ఆ ఇంట్లో విశ్రాంతి అన్నమాటే ఉన్నట్టు లేదు!

పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట మీకు తెలుసా? అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్! 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. పలకతో మొదలై శాసనం దాకా! నిషేధాన్ని తర్వాత సడలించారు. దూబగుంట రోసమ్మ పేరు మాత్రం నిలిచిపోయింది.

సారా ఉద్యమం వెంటే వచ్చింది పొదుపు లక్ష్మి పథకం. రోజుకు ఎంత దాచాలో మీకు తెలుసా? ఒక్క రూపాయి! పది పదిహేను మంది కలిస్తే ఒక సంఘం, సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య, దానిపైన జిల్లా సమాఖ్య. రూపాయి నిచ్చెనెక్కి జిల్లా కేంద్రంలో కూర్చుంది!

ఇంకో విచిత్రం. మన పొదుపు సంఘాలకు అండగా సెర్ప్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది 2000లో. థాయిలాండ్‌లో ఇలాగే ఊరి సంఘాలకు, పొదుపు గుంపులకు తోడ్పడే సంస్థ కోడీ మొదలైందీ 2000లోనే! 2003 నుంచి అక్కడి బస్తీవాళ్లు సంఘంగా చేరి తమ ఇళ్ల ప్లాన్లు తామే వేసుకుంటున్నారు. ఇక అక్కడి గ్రామ ఆరోగ్య వాలంటీర్లు ఎందరో మీకు తెలుసా? పది లక్షలకు పైనే!

ఆఖరుగా మన గుంటూరు సీమదే ఒకటి. పత్తికీ మిరపకీ మందులు కొట్టీ కొట్టీ విసిగిన నేల ఇది. ఇక్కడే గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని నడుపుతోంది. దాన్ని ఊళ్లలో మోస్తున్నది ఎక్కువగా మహిళా సంఘాలే. పేడ, గోమూత్రం, బెల్లం, పిండి కలిపితే జీవామృతం. 2024లో లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి కూడా! పది లక్షల యూరోలను ముగ్గురు విజేతలు పంచుకున్నారు. ఎంపిక చేసిన జ్యూరీకి అధ్యక్షురాలు ఎవరో మీకు తెలుసా? జర్మనీ మాజీ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్!