ఒక జన్యువు, దాని నకళ్లు

మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ వైపో, భూపాలపల్లి అడవి పల్లెల్లోనో సికిల్ సెల్ పరీక్ష పెడితే మొదట జరిగేది చిన్న పనే. వేలు గుచ్చి తీసిన నెత్తుటి చుక్కను మందునీళ్లున్న గాజు గొట్టంలో కలుపుతారు. గొట్టం వెనక పెట్టిన కార్డు మీది గీతలు కనబడితే సరి. మసకేసి కనబడకపోతే పెద్ద పరీక్షకు పంపుతారు.

ఆ మసకకు కారణం హిమోగ్లోబిన్ జన్యువుల కుటుంబంలో ఉంది. చేపల కాలం నాడు, సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట, ఒక గ్లోబిన్ జన్యువు పొరపాటున రెండయింది. భూమి కాగితం బీరువాలో భద్రంగా ఉన్నప్పుడు దాని జిరాక్స్ మీద ఎవరేం గీకినా కొంప మునగదు కదా! అలాగే ఒక ప్రతి పాత పని చేసుకుపోతుంటే, రెండోదానిలో మార్పులు పోగుపడ్డాయి. అలాంటి మార్పుల్లో చాలావరకు చెత్తే. ఏవో కొన్ని కొత్త పనికి అక్కరకొస్తాయి. జపాన్ మూలాలున్న జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 1970లో ఈ వాదన మీద ఏకంగా పుస్తకమే రాశారు. ఆ రెండు ప్రతుల సంతతే ఇవాళ్టి ఆల్ఫా, బీటా జన్యువుల జట్లు. జనగామవాళ్లయినా జపాన్‌వాళ్లయినా, ఆల్ఫా జట్టు 16వ క్రోమోజోమ్ మీద, బీటా జట్టు 11వ దాని మీద ఉంటాయి. బీటా జట్టులో పని మానేసి ఊరికే పడి ఉన్న జన్యువు కూడా ఒకటుంది.

అసలు తేడా లెక్కలో ఉంది. ఆల్ఫా జన్యువులు మామూలుగా ఒక్కో క్రోమోజోమ్ మీద రెండేసి, మొత్తం నాలుగు. 1975లో ఆంధ్రప్రదేశ్ కోయదొరల్లో కనుగొన్న ఒక మార్పుకు 'హిమోగ్లోబిన్ కోయదొర' అనే పేరుపెట్టారు. 141 అమైనో ఆమ్లాల దగ్గర ఆగాల్సిన ఆల్ఫా గొలుసు, 'ఆపు' అని చెప్పే సంకేతంలో ఒక్క అక్షరం మారడంతో ఇంకో 31 తగిలించుకుని 172 దాకా సాగుతుంది. మిగతా ఆల్ఫాలు పని నెట్టుకొస్తాయి కాబట్టి ఈ ఒక్క తప్పుతో మనిషి మంచాన పడడు.

బీటాకు ఆ వెసులుబాటు లేదు. పెద్దయ్యాక భారమంతా దాదాపు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన బీటాల మీదే. గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ చేరడమే గొట్టంలో మసక తెచ్చే సికిల్ మార్పు. ఒకవైపు నుంచే వస్తే మలేరియా నుంచి కొంత కాపాడుతుంది; మలేరియా ఎక్కువున్న అడవి ప్రాంతాల్లో ఈ మార్పు నిలిచిపోవడానికి కారణమదే. రెండువైపులా వస్తే జబ్బు.

అలాంటి బిడ్డకు కూడా పుట్టిన కొన్ని నెలల దాకా సాధారణంగా నొప్పులు రావు. కడుపులో ఉన్నప్పుడు పనిచేసిన గామా జన్యువు, అదీ బీటాకు తోబుట్టువైన నకలే, ఇంకా పూర్తిగా ఆగిపోయి ఉండదు. డాక్టర్లు రాసే హైడ్రాక్సీయూరియా ముఖ్యంగా చేసేది ఆ గామాను మళ్లీ కొంత పనిలోకి దింపడమే.