సరకు బండి, ఇంటి బండి: తెలుగు ప్రాంతాల్లో చిన్న ట్రక్కుతో నిత్యజీవనం

వ్యాస సంగ్రహం

2005లో మార్కెట్టులోకి వచ్చిన టాటా ఏస్ మొదలుకొని నాలుగు చక్రాల చిన్న ట్రక్కులు తెలుగు ప్రాంతాల్లో సరకు రవాణా సాధనాలుగానే కాక, వాటి యజమానుల ఇళ్ళలో కుటుంబ వాహనాలుగా కూడా వాడుకలో ఉన్నాయి. చట్టం మాత్రం వాటిని సరకు వాహనాలుగానే గుర్తిస్తుంది. ఈ రెండు గుర్తింపుల మధ్య ఉన్న దూరం బండి నిర్మాణంలోను, నిర్వహణలోను, అన్నిటికంటె ముఖ్యంగా ప్రమాద బీమాలోను ఎలా వ్యక్తమవుతున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: చిన్న ట్రక్కు, టాటా ఏస్, సరకు వాహనం, మోటారు వాహనాల చట్టం, బీమా, కుటుంబ రవాణా

1. ప్రవేశిక

తెలుగు సమాజంలో వాహనాన్ని గురించి జరిగిన ఆలోచన ఎక్కువగా ఎడ్లబండి, రైలు, బస్సు, ఆటోల చుట్టూ తిరిగింది. ఇంటి ముందు రాత్రివేళ నిలిపి ఉండే చిన్న ట్రక్కు మీద పడవలసినంత దృష్టి పడలేదు. తెల్లవారుజామున కూరగాయల బుట్టలతో రైతుబజారుకు వెళ్ళి, మధ్యాహ్నం అద్దె ఇల్లు మారేవారి బీరువాలు మోసి, సాయంత్రం అదే యజమాని కుటుంబాన్ని పక్క ఊరి పెళ్ళికి తీసుకుపోయే బండి అది. దానిని వాణిజ్య వాహనమని మాత్రమే వర్ణిస్తే దాని జీవితంలో సగం కనబడకుండా పోతుంది.

ఇక్కడ ‘చిన్న ట్రక్కు’ అంటే ముందు ఇద్దరు కూర్చునే గది, వెనుక తెరిచి ఉండే తొట్టి గల నాలుగు చక్రాల తేలికపాటి వాహనం. మహీంద్రా జీతో, మారుతి సూపర్ క్యారీ ఈ కోవకే చెందుతాయి. అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్ ఒక మెట్టు పైవి. జనవ్యవహారంలో ఈ తేడాలు అంతగా నిలవవు. ‘టాటా ఏస్’ అన్న వ్యాపార నామమే జాతివాచకమైంది. పల్లెల్లో అది ‘టాటా ఏసీ’గా కూడా మారింది. చల్లదనంతో ఏ సంబంధమూ లేని బండికి ఈ పేరు రావడంలో కొంత హాస్యం ఉంది. ఉత్తరాదిలో దీనికి ‘ఛోటా హాథీ’, అంటే చిన్న ఏనుగు, అని పేరు.

2. మోయడానికి పుట్టిన శరీరం

మూడు చక్రాల సరకు ఆటోకూ పెద్ద లారీకీ నడుమ ఉన్న ఖాళీని గుర్తించి టాటా మోటార్స్ ఈ బండిని రూపొందించింది. ఆ బృందానికి గిరీష్ వాఘ్ నాయకత్వం వహించారు. తొలి నమూనాలో రెండు సిలిండర్ల 702 సి.సి. డీజిల్ ఇంజను, 16 అశ్వశక్తి, దాదాపు 3.8 మీటర్ల పొడవు, 750 కిలోల మోతసామర్థ్యం ఉండేవి. బండి, బరువు కలిపి మొత్తం 1,550 కిలోలు. కోస్తాలో వాడుకలో ఉన్న 75 కిలోల ధాన్యం బస్తాలు సరిగ్గా పది పడతాయి. చిన్న రైతు ఒక దఫాలో మిల్లుకో మార్కెట్టుకో పంపగల పరిమాణానికి ఈ లెక్క దగ్గరగా ఉంది. పెద్ద లారీలకు పగటిపూట ప్రవేశం లేని నగర వీధుల్లోకి ఇది వెళ్ళగలగడం దీని వ్యాప్తికి మరొక కారణం.

ఖాళీ బండి బరువూ అది మోయగల బరువూ దాదాపు సమానం కావడమే ఈ వాహనాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం. కారులో అయిదుగురు కూర్చున్నా మొత్తం బరువు ఖాళీ కారు బరువుకు రెట్టింపు కాదు. కనుక కారు కమానులను మనిషి సుఖాన్ని దృష్టిలో పెట్టుకొని తయారు చేయవచ్చు. చిన్న ట్రక్కుకు ఆ వెసులుబాటు లేదు. నిండు బరువుకు కుంగిపోకుండా ఉండవలసిన పట్టీ కమానులు ఖాళీగా ఉన్నప్పుడు వంగవు. గతుకు తగిలిన ప్రతిసారీ వెనుక భాగం ఎగిరిపడుతుంది. వెనుక చక్రాలపై భారం తక్కువగా ఉండటం వల్ల తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే అవి ముందుగా పట్టు వదలుతాయి. బండి ఖాళీగా ఉంటే భద్రమని సాధారణంగా అనుకుంటారు. చిన్న ట్రక్కు విషయంలో అది పూర్తిగా నిజం కాదు. తొట్టిలో పదిమంది మనుషులు నిలబడితే పరిస్థితి మరొక రకంగా మారుతుంది. బస్తాలు అడుగున కదలకుండా ఉంటాయి. నిలబడిన మనుషుల భారకేంద్రం ఎత్తులో ఉండి, మలుపు దగ్గర అందరూ ఒకే వైపు ఒరుగుతారు. బరువు పరిమితి దాటకపోయినా బండి బోల్తా పడే అవకాశం అందువల్లనే పెరుగుతుంది.

ఇంజను సీటు కింద ఉండటం కూడా నిత్యజీవనానికి సంబంధించిన విషయమే. వేసవిలో ఆ వేడి నేరుగా కూర్చున్నవారికి తగులుతుంది. సీటు మీద మడత పెట్టిన దుప్పటో గోనెసంచో కనిపించడానికి మెత్తదనం ఒక్కటే కారణం కాదు.

3. ఇంటిలో దాని స్థానం

‘డ్రైవర్ కమ్ ఓనర్’ అన్న మాట తెలుగు ప్రాంతాల్లో ఒక సామాజిక స్థితిని సూచిస్తుంది. ఇతరుల లారీపై జీతానికి పనిచేసినవాడు అప్పు చేసి సొంత బండి కొనుక్కోవడం ఆ మాటలో ఉంది. నెలవారీ వాయిదా కట్టవలసిన బండి ఇంటి ముందు ఉండగా, కుటుంబ అవసరాలకు మరొక వాహనం కొనడం ఆ ఇంటికి సాధ్యం కాదు. కనుక సరకు బండి ఇంటి బండి కావడం చాలావరకు ఆర్థిక అనివార్యత. అడ్డాలో కిరాయి కోసం నిలబడే బండి ఆదివారం అత్తవారింటికి ప్రయాణమవుతుంది. వరికోతల కాలంలో బరకాలు, మోకులు మోసిన తొట్టిలో చాప పరచి ముసలివారిని ఆసుపత్రికి తీసుకువెళతారు. మేడారం జాతరకు బంధువులంతా కలిసి పోవడం, వినాయక నిమజ్జనానికి వీధివారందరినీ ఎక్కించుకోవడం, పెళ్ళిసారె మోయడం వంటివి ఈ వాహనానికి ఉత్సవ జీవితాన్ని కూడా ఇచ్చాయి.

ఇందులో ఇరుగుపొరుగుల హక్కు ఒకటి ఉంది. బండి గల ఇంటివారు అడిగినప్పుడు కాదనలేరు. డీజిలుకు డబ్బిచ్చి బండి అడగడానికీ కిరాయికి మాట్లాడుకోవడానికీ నడుమ ఉన్న సన్నని గీత ఊరివారందరికీ తెలుసు. న్యాయస్థానంలో ఆ గీతను నిరూపించడం కష్టం.

ప్రభుత్వాలు కూడా ఈ వాహనాన్ని ఉపాధి సాధనంగా గుర్తించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరి 21న ఇంటింటికి రేషను సరకుల పంపిణీ కోసం 9,260 చిన్న ట్రక్కులను ప్రారంభించారు. నిరుద్యోగ యువతకు రాయితీపై ఇచ్చిన ఈ బండ్లను లబ్ధిదారులే నడిపారు. 2025 జూన్ 1 నుంచి పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు మారింది. ఒకే పనికి, ఒకే తొట్టి అమరికతో రూపొందిన బండి ఆ పని ఆగిన తరువాత ఇంటిలో ఏ స్థానం పొందుతుందన్నది క్షేత్ర పరిశీలనకు తగిన ప్రశ్న.

4. పసుపు పలక: చట్టం సడలించినది, సడలించనిది

చిన్న ట్రక్కు నంబరు పలక పసుపు, అక్షరాలు నలుపు. ఆ రంగు దానిని రవాణా వాహనంగా ప్రకటిస్తుంది. సొంత కారుకు తొలి పదిహేనేళ్ళు సామర్థ్య పరీక్ష అక్కరలేదు. చిన్న ట్రక్కుకు మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా ‘ఎఫ్‌సీ’ చేయించాలి. పరీక్ష తప్పనిసరి కావడం న్యాయమే, ఎందుకంటే ఈ బండి రోజంతా తిరుగుతుంది. యజమానికి మాత్రం ఆ రోజు కిరాయి పోవడం, ముందుగా మరమ్మతులు చేయించడం అదనపు ఖర్చులు.

మరికొన్ని విషయాల్లో చట్టం ఈ బండిని తేలికగానే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 66వ సెక్షను ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిటు అవసరం లేదు. లైసెన్సు విషయంలో చాలాకాలం అయోమయం ఉండేది. కారు లైసెన్సు ఉన్నవారు పసుపు పలక బండి నడిపితే అది చెల్లదని బీమా సంస్థలు వాదించేవి. 7,500 కిలోలు మించని వాహనాలకు తేలికపాటి వాహన లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ ప్రశ్న విస్తృత ధర్మాసనానికి వెళ్ళగా, 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే అభిప్రాయాన్ని ధ్రువీకరించింది. ఫలితంగా కారు లైసెన్సు గల కొడుకో భార్యో అత్యవసర వేళ బండి తీస్తే ఆ ఒక్క కారణంతో బీమా నిరాకరించే వీలు పోయింది. కుటుంబ వాహనంగా దీని వాడుకకు న్యాయస్థానం ఇచ్చిన పెద్ద వెసులుబాటు ఇదే.

అయితే ఈ వెసులుబాటు నడిపేవారికే. ఎక్కేవారి పరిస్థితి వేరు.

5. ఎక్కినవారు ఎవరు?

147వ సెక్షను ప్రకారం ప్రతి వాహనానికి తప్పనిసరిగా ఉండవలసిన బీమా, రోడ్డు మీద ఉన్న ఇతరులకు రక్షణ ఇస్తుంది. సరకు వాహనంలో ప్రయాణించేవారి విషయంలో 1994లో చేసిన సవరణ ‘సరకు యజమాని లేదా అతని అధీకృత ప్రతినిధి’ని మాత్రమే రక్షణ పరిధిలోకి తెచ్చింది. సరకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కూడా బీమా సంస్థే బాధ్యత వహించాలని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. సరకు వాహనమంటే సరకు కోసమే, ప్రయాణికుల కోసం కాదన్నది దాని తర్కం. 2007లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అప్పీళ్ళలో సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసి, సరకు యజమాని అంటే డ్రైవరు గదిలో ప్రయాణించే వ్యక్తే అని వ్యాఖ్యానించింది.

దీని ప్రభావం బండి రూపంతో కలిపి చూస్తేనే బోధపడుతుంది. డ్రైవరు గదిలో రెండే స్థానాలు. ఒకటి నడిపేవారిది. మిగిలిన ఒక్క స్థానంలో కూర్చున్న వ్యక్తి సరకు యజమాని అయితేనే చట్టబద్ధమైన రక్షణ. అదే స్థానంలో యజమాని భార్య కూర్చొని పుట్టింటికి వెళుతుంటే ఆమె ఉచిత ప్రయాణికురాలు. తొట్టిలో ఉన్న పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. యజమానియే స్వయంగా నడుపుతుంటే అతనికి 15 లక్షల రూపాయల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. జీతం తీసుకునే డ్రైవరుకు కార్మిక పరిహారం వర్తిస్తుంది. కుటుంబ సభ్యులు మాత్రం ఈ ఏర్పాట్ల బయటే ఉంటారు. అదనపు ప్రీమియంతో కిరాయి చెల్లించని ప్రయాణికులకు బాధ్యతను విస్తరించే ఐచ్ఛిక నిబంధన పాలసీల్లో ఉంది. బండి కొనే వేళ దానిని విడమరచి చెప్పేవారు అరుదు.

ప్రమాదం జరిగితే బాధితులకు పరిహారం ఇవ్వవలసింది బండి యజమానే. కొన్ని కేసుల్లో సుప్రీంకోర్టు బాధితుల స్థితిని గమనించి, బీమా సంస్థ ముందుగా చెల్లించి తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. 2004 నాటి తీర్పు అటువంటిదే. బాధిత కుటుంబానికి అది మేలు. వాయిదాలు కడుతున్న యజమానికి మాత్రం ఆస్తులన్నీ అమ్ముకోవలసిన స్థితి. మిరపకోతకు కూలీలను తీసుకుపోయిన బండి అయితే రెండు వైపులా పేదలే ఉంటారు.

శిక్షల్లో కూడా ఒక వింత ఉంది. 2019 సవరణ తరువాత కేంద్ర చట్టంలో అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. రవాణా వాహనంలో అనుమతికి మించి ఎక్కించిన ప్రయాణికునికి తలకు 200. అదనపు బస్తాలు రోడ్డుకు చేసే నష్టానికి చట్టం కట్టిన వెల స్పష్టంగానే ఉంది. తొట్టిలో అదనంగా ఎక్కిన మనిషికి కట్టిన వెల చూస్తే, ఆ నిబంధన బస్సులనూ ఆటోలనూ ఊహించుకొని రాసినట్లు తోస్తుంది.

6. తెల్ల పలక పికప్పులు

పికప్పు ఎక్కడైనా ఇలాగే ఉంటుందని అనుకోనక్కరలేదు. అమెరికాలో అది కుటుంబ వాహనంగా స్థిరపడింది. అక్కడ 1964 నుంచి దిగుమతి ట్రక్కులపై ఉన్న 25 శాతం సుంకం (యూరపుతో కోళ్ళ వ్యాపార వివాదంలో పుట్టింది కనుక దానికి ‘చికెన్ ట్యాక్స్’ అని పేరు) విదేశీ చిన్న పికప్పులకు అడ్డుగా నిలిచింది. 2021లో ఫోర్డ్ ప్రకటించిన మావెరిక్‌ను అక్కడ చిన్న పికప్పుగా పరిగణిస్తారు. దాని పొడవు అయిదు మీటర్లకు పైనే. మోయగలది సుమారు 680 కిలోలు, అంటే టాటా ఏస్ కంటె తక్కువ. కాని అందులో అయిదుగురికి సీట్లూ సీటుబెల్టులూ ఉన్నాయి.

అటువంటి బండి మన దగ్గర లేకపోలేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైంది. అక్కడ తయారయ్యే డి-మ్యాక్స్ వి-క్రాస్ అయిదుగురు కూర్చునే పికప్పు. సొంత వాహనంగా తెల్ల పలకతో నమోదవుతుంది. టయోటా హైలక్స్ కూడా అంతే. తొట్టి ఉండటమే వాహనాన్ని సరకు వాహనంగా మార్చదని ఇవి నిరూపిస్తున్నాయి. అయితే వీటి ధర చిన్న ట్రక్కు ధరకు కొన్ని రెట్లు. విహారానికి తొట్టి కొనుక్కోగలవారికి వెనుక సీటూ బీమా రక్షణా ఒకేసారి దొరుకుతున్నాయి. జీవనానికి తొట్టి కొన్నవారికి దొరకడం లేదు. ఏస్ వేదిక మీదనే 2007లో మనుషుల కోసం ‘మ్యాజిక్’ వచ్చింది కాని, అది బస్తాలు మోసే బండి కాదు. రెండు పనులూ ఒకే ఇంటివి అయినప్పుడు మార్కెట్టు వాటిని రెండు బండ్లుగా విడదీసింది.

పరిశోధకులకు ఈ విషయంలో విస్తారమైన ముడిసరకు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్ళ రికార్డుల్లో ఉంది. మరణించినవారు సరకు యజమానులేనని నిరూపించడానికి కుటుంబాలు చేసే ప్రయత్నం వాటిలో తరచు కనిపిస్తుంది. ఏ సరకు, ఎన్ని బస్తాలు, ఎక్కడ కొన్నారు, ఎక్కడికి తీసుకుపోతున్నారు, గదిలో కూర్చున్నారా తొట్టిలోనా అని ప్రశ్నలు సాగుతాయి. ఒక కూరగాయల బుట్ట, రెండు కొబ్బరికాయల సంచులు అక్కడ మనిషి హోదాను నిర్ణయించే సాక్ష్యాలవుతాయి.